గుల్మార్గ్‌లో 14 సార్లు పడ్డాను: లోయ వైపు వంగమంటే ఎట్లా వంగుతారు?

హన్మకొండ_హరి
జనవరిలో కుటుంబంతో కశ్మీర్ పోయి వచ్చాం. గుల్మార్గ్‌లో రెండు గంటల స్కీయింగ్ పాఠానికి డబ్బులు కట్టాను. 14 సార్లు పడ్డాను. లెక్క నాది కాదు, మా చిన్నది వీడియో తీసుకుంటూ లెక్కపెట్టింది. నడుము ఇంకా పట్టేసే ఉంది, పడుకునే ఇది టైపు చేస్తున్నా.

నా పరేషాన్ ఏందంటే, నేర్పించే అబ్బాయి మొదటి నుంచి చివరిదాకా ఒకటే మాట: "ఆగే ఝుకో సర్, ఆగే ఝుకో." ముందు చూస్తే వాలు. వాలు కింద పెద్ద పెద్ద చెట్లు. ప్రాణం మీద తీపి ఉన్నవాడు ఎవడైనా వెనక్కే వంగుతాడు కదా? నేను వెనక్కి వంగిన ప్రతిసారీ కాళ్ల కింది చెక్కలు రెండూ నన్ను వదిలేసి ముందుకు పోయాయి, నేను వెల్లకిలా. దీనికి లాజిక్ ఏమిటో ఎవరైనా చెప్పండి.

ఇంకో పంచాయితీ కూడా ఉంది. నేను 92 కిలోలు, మా బామ్మర్ది 58. ఇద్దరినీ ఒకే వాలు మీద వదిలితే ఎవరు ముందు కిందికి చేరతారు? బరువున్నోడే అంటాడు వాడు. బరువుతో సంబంధం లేదంటాను నేను, ఇంటర్‌లో ఎంపీసీ చదివిన ధైర్యంతో. పందెం రెండు కిలోల నాటుకోడి.

చాయ్_బిస్కట్
ముందు వీడియో పెట్టన్నా. ఫిజిక్స్ తర్వాత చూద్దాం.

కాజీపేట_జంక్షన్
వంగుడు సంగతి హైదరాబాద్ బస్సులో నిలబడి పోయినోళ్లకు ఎవరికైనా తెలుసు. డ్రైవర్ ఒక్కసారి లాగించాడంటే కాళ్లు బస్సుతో పోతాయి, పై ఒళ్లు వెనకే ఉండిపోతుంది. అందుకే అలవాటున్నోళ్లు బస్సు కదలకముందే కొద్దిగా ముందుకు ఒరిగి నిలబడతారు. స్కీ అంటే ఆగకుండా పికప్ అందుకుంటూనే ఉన్న బస్సు అనుకో.

నిట్_హాస్టల్
పోలిక బాగా కుదిరింది. రాపిడి లేని వాలు మీద జారుతున్నప్పుడు మన ఒంటికి "నిటారు" అంటే ఆకాశం వైపు కాదు, వాలుకు లంబంగా. 15 డిగ్రీల వాలైతే 15 డిగ్రీలు లోయ వైపు ఒరిగి ఉండాలి. మంచులో కొంత రాపిడి ఉంటుంది కాబట్టి అంతకంటే కాస్త తక్కువ. హరన్న చెట్టులా నిలబడ్డాడు. చెట్టుకైతే వేళ్లుంటాయి.

చాయ్_బిస్కట్
"చెట్టుకైతే వేళ్లుంటాయి." ఇవ్వాళ నా స్టేటస్ ఇదే.

ఫిజిక్స్_సార్_రిటైర్డ్
పందెం హరి గారిదే. వాలు మీద కిందికి లాగే బలం ద్రవ్యరాశిని బట్టి, రాపిడి కూడా ద్రవ్యరాశిని బట్టే. రెండు వైపులా కొట్టేస్తే మిగిలేది వాలు, రాపిడి గుణకం మాత్రమే. నాటుకోడి వండించుకోండి.

ఇక అసలు మంచు ఎందుకు జారుతుందో ఎవరూ అడగలేదు గానీ నేనే చెబుతాను. మనిషి బరువు చిన్న జాగా మీద పడితే ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే మంచు ద్రవీభవన స్థానం తగ్గుతుంది, మంచు కరిగి పల్చని నీటి పొర ఏర్పడుతుంది. ఆ పొర మీదే జారేది. 31 ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఇదే చెప్పాను, ఒక్కరూ ఎదురు ప్రశ్న వేయలేదు.

నిట్_హాస్టల్
సార్, 32వ ఏడు నేను వేస్తా, కోప్పడొద్దు.

మంచు కరిగే స్థానాన్ని 1 డిగ్రీ దించాలంటే సుమారు 130 అట్మాస్ఫియర్ల ఒత్తిడి కావాలి (ఒక అట్మాస్ఫియర్ అంటే మన చుట్టూ ఉన్న గాలి మోపే ఒత్తిడంత). 60 కిలోల మనిషి ఒంటికాలి మీద స్కేటింగ్ చేస్తున్నాడనుకోండి. బ్లేడు 30 సెంటీమీటర్ల పొడవు, 4 మిల్లీమీటర్ల మందం, అంటే 12 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి 5 అట్మాస్ఫియర్లు. కరిగే స్థానం దిగేది 0.04 డిగ్రీలు. సరే, బ్లేడంతా ఆనదు, ఇరవయ్యో వంతే ఆనిందనుకున్నా 100 అట్మాస్ఫియర్లు, ముప్పావు డిగ్రీ. స్కేటింగ్ రింకు మంచు మైనస్ 4, మైనస్ 5 దగ్గర ఉంటుంది. మిగతా నాలుగు డిగ్రీలు ఎవరు దించారు?

హరన్న వేసుకున్నవి బ్లేడ్లు కూడా కాదు. ఒక్కో స్కీ 1.7 మీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు అనుకుందాం. 92 కిలోలను ఆ రెండింటి మీదా పరిస్తే వచ్చే ఒత్తిడి, నిండు బిందె అడుగున నీళ్లు మోపే ఒత్తిడంత. బిందె పెడితే మంచు కరుగుతుందా సార్?

మిర్చి_యార్డ్
బిందెలో కాగిన నీళ్లుంటే కరుగుతుంది.

ఫిజిక్స్_సార్_రిటైర్డ్
మరి తీగ ప్రయోగం? ఐస్ దిమ్మ మీదుగా సన్నని తీగ వేసి రెండు కొసలకూ బరువులు కడితే, తీగ దిమ్మను కోసుకుంటూ దిగుతుంది, పైన మంచు మళ్లీ అతుక్కుంటుంది. పునర్ఘనీభవనం. ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంది. లెక్కలు వేసేవాళ్లు లెక్కలు వేయండి, నేను రేపు చేపల మార్కెట్ నుంచి దిమ్మ తెప్పిస్తున్నాను.

హవల్దార్_మంచిర్యాల
ఫౌజులో 24 ఏళ్లు చేశాను, అందులో ఆరు చలికాలాలు మంచులోనే. గుల్మార్గ్‌లో సైన్యం స్కీ బడి 1948లోనే మొదలైంది, ఇప్పుడు దాన్ని హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ అంటారు. నేనూ అక్కడ నేర్చుకున్నవాణ్ణే. మొదటి రోజు ఎన్నిసార్లు పడ్డానో ఇక్కడ రాయను.

ఒత్తిడి లెక్కలు నాకు రావు, చూసింది చెబుతా. మైనస్ 3, 4 ఉన్న రోజు స్కీ వెన్న మీద పోయినట్టు పోతుంది. మైనస్ 25 ఉన్న తెల్లవారుజామున అదే వాలు, అవే స్కీలు, అదే నేను, ఇసుకలో ఈడ్చినట్టు ఉంటుంది. బూటు కింద మంచు కిర్రు కిర్రుమంటుంది. వీపున 30 కిలోల మూట ఉన్నా జారుడు పెరగదు. బరువుతో కరిగేదైతే మూటతో ఇంకా బాగా జారాలి కదా సార్? ఒకసారి వేగం అందుకుంటే మాత్రం కొంత నయం.

హరి గారూ, ముందుకు వంగడమంటే నడుము దగ్గర వంగి దండం పెట్టడం కాదు. కొత్తవాళ్లందరూ అదే చేస్తారు, తల ముందుకు పోతుంది, పిరుదులు వెనక్కి పోతాయి, లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. వంగాల్సింది చీలమండ దగ్గర. ముంగాలి ఎముక బూటు ముందు భాగాన్ని నొక్కుతున్నట్టు తెలియాలి. ఎందుకంటే స్కీ నడుము సన్నగా, రెండు కొసలూ వెడల్పుగా ఉంటాయి. పక్కకు ఒరిగిస్తే అంచు మంచులోకి దిగి స్కీ విల్లులా వంగుతుంది. ఆ వంపే మలుపు తిప్పేది, మలుపే బ్రేకు. బరువు వెనక్కి పడితే ముందు కొసలు మంచును పట్టవు. వెనక లోడు ఎక్కువై ముందు చక్రాలు లేచిన ట్రాక్టర్‌ను చూసే ఉంటారు. అప్పుడు స్టీరింగ్ ఎంత తిప్పితే ఏం లాభం?

హన్మకొండ_హరి
అయ్యా, నేను రెండు గంటలూ దండమే పెట్టాను. ఆ అబ్బాయి ఇంకో మాట కూడా అన్నాడు, "పిజ్జా బనావో" అని. మా అమ్మ కింద నుంచి "ఆకలైతుందేమోరా వానికి" అంటోంది.

హవల్దార్_మంచిర్యాల
ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టి లోపలి అంచులతో మంచును గీకుతూ ఆపడం. ఆకారం పిజ్జా ముక్కలా ఉంటుందని. రెండూ సమానంగా పెట్టి వదిలేస్తే ఫ్రెంచ్ ఫ్రైస్. మా కాలంలో మాకు ఇవి తిట్లతో నేర్పారు, తిండి పేర్లు లేవు.

మిర్చి_యార్డ్
సమోసా అంటే సరిపోయేది కదా, దేశం మొత్తానికి అర్థమయ్యేది.

పరకాల_రైతుబిడ్డ
ఇది చదువుతుంటే చిన్నప్పటి ముచ్చట యాదికొచ్చింది. నాట్ల ముందు బురద పొలంలో ఎడ్ల వెనక పలక కట్టి చదును చేస్తారు కదా, బరువు కోసమని మా నాయన నన్ను దాని మీద నిలబెట్టేవాడు. ఎడ్లు కదిలిన మొదటి గుంజుకు వెనక్కి ఒరిగితే బురదలో వెల్లకిలా. తాడు పట్టుకుని మోకాళ్లు వంచి ముందుకు ఒరిగితే పొలమంతా షికారు. నాకు గుల్మార్గ్ ఖర్చు లేకుండానే వచ్చింది, హరన్నా. కాకపోతే పడితే నోట్లోకి పోయేది మంచు కాదు.

నిట్_హాస్టల్
హవల్దార్ గారు చెప్పింది చూస్తే నాకు ఒళ్లు పులకరించింది, ఎందుకంటే దీని మీద చర్చ నూటయాభై ఏళ్లకు పైగా నడుస్తోంది. 1850లో ఫారడే రెండు ఐస్ ముక్కలను ఆనిస్తే అతుక్కుపోతాయని చూపించి, మంచు ఉపరితలం మీద ఎవరూ నొక్కకపోయినా నీటిలాంటి పల్చని పొర ఉంటుందని అన్నాడు. లోపలి అణువులను అన్ని వైపులా పక్క అణువులు పట్టుకుని ఉంటాయి. పైవరసలో ఉన్నవాటికి పైన ఎవరూ లేరు, అందుకే అవి వదులుగా కదులుతుంటాయి. చలి పెరిగేకొద్దీ ఆ పొర సన్నబడుతుంది.

రెండోది రాపిడి వేడి. 1939లో బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు, జారేటప్పుడు పుట్టే వేడే మంచును కరిగిస్తుందని ప్రయోగాలతో వాదించారు. "వేగం అందుకుంటే కొంత నయం" అని హవల్దార్ గారు అన్నది దీనికి సరిపోతుంది. మైనస్ 25లో ఆ వేడి చాలదు, పైపొరా సన్నగా ఉంటుంది, అందుకే ఇసుక.

తమాషా ఏమిటంటే, మరీ వెచ్చగా ఉన్నా జారుడు తగ్గుతుంది. సున్నా దగ్గరికి వచ్చేసరికి మంచు మెత్తబడి బ్లేడు దిగబడుతుంది. 2018లో వచ్చిన కొలతల ప్రకారం అన్నిటికంటే బాగా జారేది మైనస్ 7 దగ్గర. స్పీడ్ స్కేటింగ్ రింకులనూ దాదాపు అక్కడే ఉంచుతారు.

బాలసముద్రం_అమ్మ
ఫ్రీజర్ ఉన్న ప్రతి ఇంట్లో దీనికి రుజువు ఉంది. ఇప్పుడే చేసి వచ్చాను. ట్రే తీయగానే ఐస్ ముక్క వేలికి అతుక్కుంది, విడిపించుకోవడానికి గుంజాల్సి వచ్చింది. దాన్నే స్టీలు ప్లేటులో పెట్టి రెండు నిమిషాలు ఆగితే, ముట్టుకోగానే సర్రున జారి గ్యాస్ స్టవ్ కిందికి పోయింది. నా వేలి బరువు అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. సార్ గారు ఏమంటారు?

ఫిజిక్స్_సార్_రిటైర్డ్
మీ వేలి తడి గడ్డకట్టి అతుక్కుందమ్మా, అది వేరే సంగతి. దిమ్మ వచ్చింది. బైండింగ్ వైరు, నాలుగు ఇటుకలు సిద్ధం. సాయంత్రం రాస్తాను.

జగిత్యాల_టు_దుబాయ్
నేను చిల్లర్ టెక్నీషియన్‌ను, 11 ఏళ్లుగా గల్ఫ్‌లో. ఇక్కడ స్కీ దుబాయ్ అని మాల్ లోపలే మంచు కొండ ఉంది, 2005లో తెరిచారు. 85 మీటర్ల ఎత్తు, పెద్ద వాలు 400 మీటర్లు. బయట 45 ఉన్న రోజు లోపల మైనస్ 1, మైనస్ 2. పోయిన రంజాన్ సెలవులకు మా రూములో ఐదుగురం పోయాం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి పోరగాళ్లు, మంచును జన్మలో మొదటిసారి చూడటం. ఒకడు పిడికెడు తీసుకుని ఇంటికి వీడియో కాల్ చేసి "అమ్మా, చూడు, ఫ్రిజ్ లోపల ఉన్న" అన్నాడు.

ఒక సంగతి మా పనికి సంబంధించింది. స్కేటింగ్ రింకులో గీతలు పడ్డ మంచును సరిచేసే బండి వేడి నీళ్లు పోస్తుంది, చల్లవి కాదు. చాలామంది నమ్మరు. వేడి నీళ్లు పాత మంచు పైపొరను కాస్త కరిగించి దానితో కలిసిపోయి గడ్డకడతాయి, కాబట్టి పెచ్చులు లేవవు. పైగా వేడి చేసిన నీళ్లలో గాలి తక్కువ. మన ఐస్ ఫ్యాక్టరీ దిమ్మ మధ్యలో తెల్లగా ఉంటుంది చూడండి, అది గడ్డకడుతూ బయటికి పోలేక చిక్కిన గాలి. అట్లాంటి మంచు పెళుసు.

చాయ్_బిస్కట్
రామగుండంలో మే నెలలో ఇట్లాంటిది పెడితే టికెట్ లేకుండా కరెంటు బిల్లు నేనే కడతా.

కరీంనగర్_గ్రానైట్
మంచు ఆటల్లో నాకు అర్థమయ్యేది ఒకటే, కర్లింగ్, అంటే బరువైన రాయిని మంచు మీద గురి దాకా జార్చే ఆట. మావోళ్లు క్వారీలో చేసే పని అది: రాయిని జరుపు, మధ్యమధ్యలో అరువు. రాయి 20 కిలోలకు కాస్త లోపు. స్కాట్లాండ్ దగ్గర ఐల్సా క్రెయిగ్ అనే చిన్న ద్వీపం రాయికి పేరు. ఎందుకా అని చూస్తే మా లైన్ సంగతే. మన కరీంనగర్ టాన్ బ్రౌన్‌లో గింజ పెద్దది, పాలిష్ చేస్తే అందం దానితోనే. ఆ ద్వీపం రాయి గింజ చాలా సన్నం, నీళ్లు పీల్చదు. నీళ్లు పీల్చే రాయైతే ఆ తడి గడ్డకట్టి ఉబ్బుతుంది, కొన్నాళ్లకు అంచు పెచ్చులు లేస్తుంది. బాత్రూంకు వేసే రాయి ఎంచేటప్పుడు మేం చెప్పేదీ ఇదే, ఎవరూ వినరు.

రాయి అడుగు చదునుగా ఉండదు, పళ్లెంలా లోపలికి ఉంటుంది. ఆనేది సన్నని ఉంగరం మాత్రమే. మంచు కూడా నున్నగా ఉండదు, దాని మీద నీటి చుక్కలు చల్లి బొడిపెలు చేస్తారు. ముందు ఇద్దరు చీపుర్లతో ఊడ్చేది చెత్త కోసం కాదు, రుద్ది మంచును కాస్త వేడి చేయడానికి. రాపిడి తగ్గి రాయి ఇంకొంచెం దూరం, ఇంకొంచెం తిన్నగా పోతుంది.

నిట్_హాస్టల్
దానిలో ఒక చిక్కుముడి ఉంది, ఇంట్లో చేసి చూడండి. స్టీలు గ్లాసును నున్నటి గ్రానైట్ గట్టు మీద బోర్లించండి. గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పుతూ ముందుకు తోయండి. ఎటు వంగుతుంది?

బాలసముద్రం_అమ్మ
కుడికి. నాలుగు సార్లు చేశాను, నాలుగుసార్లూ కుడికే. ఐదోసారి గట్టు దిగి కిందికి పోయింది, సొట్ట పడింది. మా అత్తగారు గ్లాసు మీద పేరు చదువుకుని నన్ను చూశారు. ఆమె పెళ్లికి వచ్చిన గ్లాసట.

నిట్_హాస్టల్
సారీ అక్కా. మీకు వచ్చిందే సరైన జవాబు. జారే వస్తువు ముందుకు తూలుతుంది కాబట్టి ముందు అంచు మీద బరువు, రాపిడి ఎక్కువ. ఆ అంచు ఎడమకు తిరుగుతుంటే రాపిడి దాన్ని కుడికి తోస్తుంది. కర్లింగ్ రాయి మాత్రం, అదే వైపు తిప్పితే, ఎడమకు వంగుతుంది! వేడెక్కి ముందు భాగం కింద మంచు ఎక్కువ జారుతుందని కొందరు, ముందు అంచు మంచు మీద గీసిన గీతలను వెనక అంచు పట్టుకుని నడుస్తుందని కొందరు. ఇంతవరకు అందరూ ఒక్క మాట మీదికి రాలేదు.

కరీంనగర్_గ్రానైట్
రాయి ఎటు పోతుందో రాయికే ఎరుక. ఈ మాట క్వారీలో రోజూ అంటాం.

ఫిజిక్స్_సార్_రిటైర్డ్
ప్రయోగం చేశాను. వరండాలో రెండు స్టూళ్ల మధ్య దిమ్మ పెట్టి, ఒక చోట బైండింగ్ వైరు, జానెడు దూరంలో చేపల వల నైలాన్ దారం వేశాను. ఒక్కోదానికి రెండేసి ఇటుకలు. మా మనవడు అరగంటకోసారి స్కేలుతో కొలిచాడు. గంటన్నరలో వైరు 4 సెంటీమీటర్లు దిగింది, పైన మంచు అతుక్కునే ఉంది, వేలు పెట్టి చూశాను, చీలిక లేదు. నైలాన్ దారం ఒక సెంటీమీటరు కూడా దిగలేదు.

బరువులు సమానం, మందం ఇంచుమించు సమానం. ఒత్తిడి ఒక్కటే కారణమైతే రెండూ కలిసి దిగాలి. నిన్న రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు.

నిట్_హాస్టల్
సార్, మీ పాఠం పూర్తిగా తప్పేమీ కాదు. తీగ కింద కరిగిన నీళ్లు పైకి వచ్చి గడ్డకట్టేటప్పుడు వేడిని వదులుతాయి. ఆ వేడి తీగ గుండా కిందికి దిగితేనే ఇంకొంత కరుగుతుంది. ఇనుములో వేడి త్వరగా దిగుతుంది, నైలాన్‌లో దిగదు. దానికి తోడు వరండాలో బయటి వేడి కూడా ఇనుప తీగ గుండానే లోపలికి పోతుంది. అన్నిటికంటే పెద్ద సంగతి, హన్మకొండ వరండాలో ఉన్న దిమ్మ సరిగ్గా సున్నా దగ్గర, కరగడానికి సిద్ధంగా కూర్చుని ఉంటుంది. దాన్ని కరిగించడానికి చిన్న ఒత్తిడి చాలు. మైనస్ 5 రింకులో అదే తీగ వేయండి, ఇటుకలు వేలాడుతూనే ఉంటాయి.

ఫిజిక్స్_సార్_రిటైర్డ్
అంటే మన ఊరి ఎండకు నా పాఠం నిజమైంది. సరే, సగం ఒప్పుకుంటున్నాను. మిగతా సగం ఒప్పుకోను, ద్రవ్యరాశి సంగతి. అది గెలీలియో లెక్క.

హవల్దార్_మంచిర్యాల
అక్కడ మాత్రం హరి గారి బామ్మర్దిదే పైచేయి సార్. మా పోటీల్లో బొద్దుగా ఉన్న సర్దార్లు తిన్నని వాలు మీద మమ్మల్ని దాటిపోయేవాళ్లు. మలుపుల్లో మేం దాటేవాళ్లం.

నిట్_హాస్టల్
గెలీలియో లెక్కలో గాలి లేదు. గాలి అడ్డు ఒంటి ముందు వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, బరువును బట్టి కాదు. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో నిలబడి పోతుంటే గాలి వెనక్కి తోసేది దాదాపు ఒక కిలో బరువంత, పట్టించుకోనక్కర్లేదు. వేగం ఐదింతలైతే అడ్డు 25 రెట్లు. 100 దగ్గర 25 కిలోల బరువంత బలం మీకు ఎదురుగా నెడుతున్నట్టే. ఆ తోపుడును 92 కిలోలవాడు తట్టుకున్నట్టు 58 కిలోలవాడు తట్టుకోలేడు. ఇద్దరి ఆకారం ఒకటే అనుకుంటే హరన్న గరిష్ఠ వేగం 8 శాతం ఎక్కువ.

అందుకే ల్యూజ్‌లో, అంటే చిన్న స్లెడ్ మీద వెల్లకిలా పడుకుని మంచు ట్రాక్‌లో జారే ఆటలో, తక్కువ బరువున్నవాళ్లకు అదనపు బరువు కట్టుకునే వీలు నిబంధనల్లోనే ఉంది. నలుగురు కూర్చుని అదే మంచు ట్రాక్‌లో జారే బండి, బాబ్‌స్లెడ్‌కు మనుషులతో కలిపి 630 కిలోలని గరిష్ఠ పరిమితి పెట్టారు, లేకపోతే అందరూ హరన్నలనే వెతుక్కునేవాళ్లు. గాలిని తప్పించుకుంటే ఎక్కడిదాకా పోవచ్చో చూడాలంటే స్పీడ్ స్కీయింగ్: 2023లో ఫ్రాన్స్‌లోని వార్స్‌లో సిమోన్ బిల్లీ గంటకు 255.5 కిలోమీటర్లు. విమానంలోంచి దూకి బోర్లా పడేవాడి వేగం 200 లోపే. పడటం కంటే జారడమే వేగం.

కాజీపేట_జంక్షన్
ల్యూజ్ అంటే మనోడు శివ కేశవన్ గుర్తొస్తాడు. మనాలీ దగ్గరి కుర్రాడు, 1998 నుంచి 2018 దాకా ఆరు ఒలింపిక్స్. దేశంలో ట్రాక్ లేక, స్లెడ్‌కు చక్రాలు బిగించి హిమాలయాల ఘాట్ రోడ్ల మీద లారీల మధ్య, గొర్రెల మందల మధ్య ప్రాక్టీసు. 2014లో సోచిలో ప్రాక్టీసులో స్లెడ్ మీద నుంచి పడిపోయి, జారుతూనే మళ్లీ దాని మీదికి ఎక్కి కూర్చున్నాడు. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో. గంటకు 100 దాటే ఆట అది, బ్రేకు లేదు, స్టీరింగ్ లేదు, పిక్కలతో నొక్కి తిప్పాలి.

బాలసముద్రం_అమ్మ
మా పాప చక్రాల స్కేటింగ్ నేర్చుకుంటోంది, దాని దేవుడు అమెరికా ఫిగర్ స్కేటర్ ఇలియా మాలినిన్. 2022లో పోటీలో క్వాడ్ ఆక్సెల్ అనే గెంతు వేసిన మొదటివాడు, గాల్లో నాలుగున్నర చుట్లు. ఎట్లా తిరుగుతాడమ్మా అని అడిగితే ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టి రెండు చేతుల్లో లీటరు నీళ్ల సీసాలు ఇచ్చాను. చేతులు చాపినప్పుడు తిప్పి, "ఇప్పుడు గుండెకు అదుముకో" అన్నాను. సర్రుమని తిరిగి కిందపడింది, లేచి "మళ్లీ" అంది. తర్వాత ఇంట్లో అందరూ వరస కట్టారు, అత్తగారితో సహా. గ్లాసు సంగతి మరిచిపోయారు.

నిట్_హాస్టల్
కోణీయ ద్రవ్యవేగం మారదు, ఒళ్లు దగ్గరికి తీస్తే వేగం పెరగాల్సిందే. అతను గాల్లో ఉండేది 0.7 సెకన్ల వరకు అనుకుంటే, లేచే ఎత్తు 60 సెంటీమీటర్లే. మన డైనింగ్ టేబుల్ కంటే తక్కువ. ఆ కాసేపట్లోనే నాలుగున్నర చుట్లు పూర్తి చేయాలంటే నిమిషానికి 385 చుట్ల లెక్క. సీలింగ్ ఫ్యాన్ ఐదులో పెట్టి చూడండి, అంత.

మిర్చి_యార్డ్
నాకు నచ్చిన ఒలింపిక్ వీరుడు 2002 సాల్ట్ లేక్‌లో షార్ట్ ట్రాక్ స్కేటింగ్ పరుగు వెయ్యి మీటర్ల స్టీవెన్ బ్రాడ్‌బరీ. ఫైనల్‌లో అందరికంటే వెనక వస్తున్నాడు. ఆఖరి మలుపులో ముందున్న నలుగురూ ఒకరినొకరు తగులుకుని పడ్డారు. ఈయన నింపాదిగా వచ్చి బంగారు పతకం తీసుకున్నాడు, ఆస్ట్రేలియాకు శీతాకాల ఒలింపిక్స్‌లో మొదటి స్వర్ణం అదే. హరన్నా, ఆశ వదులుకోవద్దు. మిగతావాళ్లు 15 సార్లు పడితే చాలు.

హన్మకొండ_హరి
పందెం తేలింది, తేలలేదు కూడా. ఆదివారం పొద్దున ఐదున్నరకు, ట్రాఫిక్ లేనప్పుడు, నేనూ బామ్మర్దీ రెండు సైకిళ్లు తీసుకుని ఫ్లైఓవర్ ఎక్కాం. తొక్కొద్దు, బ్రేకు వేయొద్దు, ఒకేసారి వదలాలి. మొదటిసారి నేను రెండు సైకిళ్ల దూరం ముందున్నాను, అంటే వాడి మాటే గెలిచింది. నా సైకిల్ మంచిదని నేనే అడ్డం తిరిగి సైకిళ్లు మార్చాం. మళ్లీ నేనే ముందు, ఈసారి ఒక సైకిల్ దూరం. నేను ముందు పోయి పందెం ఓడిపోయాను. కోడి కొన్నాను.

ఫిజిక్స్_సార్_రిటైర్డ్
టైర్లలో గాలి కొలిచారా? రెండు పరుగులతో ఏ సిద్ధాంతమూ తేలదు. కనీసం పది సార్లు చేయాలి. భోజనానికి పిలిస్తే వచ్చి వివరిస్తాను.

హన్మకొండ_హరి
రండి సార్, అందరూ రండి. మా చిన్నది వీడియో పెట్టేసింది, కింద లింకులో ఉంది. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

చాయ్_బిస్కట్
తొమ్మిదో పడటం దగ్గర వెనకాల ఉన్న గుర్రం ముఖం చూడండి. నాలుగు సార్లు చూశా.

హవల్దార్_మంచిర్యాల
మొత్తం చూశాను. 12 నుంచి చీలమండ దగ్గర వంగడం మొదలుపెట్టారు, మీకే తెలియలేదు. 13 పక్కకు పడ్డారు, వెనక్కి కాదు, అది మెరుగే. ఇంకొకటి, మీ పాప లెక్క తప్పు. మొత్తం 15. బూట్లు తొడిగే చోట పడ్డది కలపలేదు.